నేలమాళిగ మూత

పెరట్లో ఆ మిషను ఉండడం కంటే కంట్లో నలుసు నయమనిపించేది కుల్పష్‌కి. పాడుబడ్డ సైనిక విమానాశ్రయంలో ఏళ్ల తరబడి కారిన కిరసనాయిలు భూమిలోకి ఇంకి, ఊరి బావులన్నిటినీ పాడుచేసింది. చాయ్ కాచినా అదే కంపు, గుర్రం మాంసం ఉడికించినా అదే కంపు. చివరికి పట్నం నుంచి కంపెనీవాళ్ళొచ్చి నేలలోకి గొట్టాలు దించి, ఆ నూనె ఆవిరిని పైకి పీల్చే మిషన్లు పెట్టారు. పీల్చిందంతా బొగ్గు నింపిన పీపాల్లో వడగట్టుకుని బయటికి పోతుంది. కొన్నేళ్ళు ఇలా పీలిస్తే మట్టీ, దాని కింది నీళ్ళూ తేరుకుంటాయన్నారు. అందులో ఒక మిషను ఖర్మకాలి కుల్పష్ పెరట్లోనే పడింది. రాత్రనక పగలనక గుర్రుమంటూనే ఉంటుంది.

దాన్ని కనిపెట్టుకునే పని పెద్దకోడలు ఉల్జల్గాస్‌కి అప్పజెప్పారు. అసలు మంట అక్కడుంది. కంపెనీ ఇంజనీరు ఇంటికొచ్చి, అత్తగారిని గోడకింద లెక్కేసి కోడలితో మాట్లాడతాడా? అతను చెప్పినవి రెండే ముక్కలు. చలికాలంలో పైమట్టి గడ్డకట్టి ఉంటుంది, మిషను ఆగితే ఆవిరికి పైకి దారి దొరక్క వెచ్చగా ఉన్న నేలమాళిగల్లోకి చేరుతుంది, అందుకని ఆపొద్దు. ఒకవేళ ఆగిందా, మాళిగలోకి దిగొద్దు, మనిషి స్పృహ తప్పి అక్కడే పడిపోతాడు. ఈ మాటలు కుల్పష్ కూడా విన్నది. విననే లేదని తర్వాత ఎన్ని ఒట్లు పెట్టుకున్నా, శుభ్రంగా విన్నది.

చిన్నకొడుకు సంబంధం ఖాయం చేసుకోవడానికి ఆడపిల్లవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్దాయన చేతులు చాచి దీవెన మొదలుపెడితే ఇంట్లో చెంచా చప్పుడు కూడా కాకూడదు, అది ముగిసేదాకా ఎవరూ లేవకూడదు. అందుకని బండి ఆగీ ఆగకముందే మిషను కట్టేయమంది కుల్పష్. దీవెనప్పుడు కాసేపు ఆపి వెంటనే వేసేస్తానని కోడలు మెల్లగా అంది. కాపరానికొచ్చాక ఆ పిల్ల అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ కాబోయే వియ్యపురాలు బిబిసారా ముసిముసిగా నవ్వింది.

"ఏం వదినగారూ, మీ ఇంట్లో పెత్తనం కోడలిదా?"

కుల్పష్‌కి తల కొట్టేసినట్టయింది. విసవిసా పెరట్లోకి నడిచి తనే మీట కిందికి లాగింది. వెనక్కి తిరిగేసరికి బిబిసారా ఇంకా గుమ్మంలోనే ఉంది, చూస్తోంది.

విందు మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. కోడలు రెండుసార్లు మిషను వేయబోతే కుల్పష్ కళ్ళతోనే ఆపేసింది. వియ్యాలవారు రెండో వాయి మాంసం అడిగారు. అది మాళిగలో ఉంది. ఉల్జల్గాస్ దగ్గరికొచ్చి, మిషను ఆగి చాలాసేపయింది అత్తయ్యా, లోపల గాలి బాగుండదు అని గొణిగింది. కుల్పష్ మాత్రం అందరికీ వినబడేలా అంది.

"దిగడానికి ఒళ్ళు బరువైతే చెప్పు తల్లీ, వదినగారిని దిగమంటాను."

అందరూ నవ్వారు. ఆ పిల్ల మొహం కందిపోయింది. వంటింట్లోకి వెళ్ళి నేలమీది చెక్కమూత ఎత్తింది. గుప్పున కిరసనాయిలు కంపు పైకి తన్నింది. తలగుడ్డ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

కంపు ముందుగదిలోకి వచ్చేసరికి పెద్దాయన దగ్గడం మొదలుపెట్టాడు. కుల్పష్ సిగ్గుతో చచ్చిపోయింది. లోపలికెళ్ళి కాలితో మూత మూసేసింది. క్షణంలో వచ్చేస్తుందిగా, వచ్చి తట్టినప్పుడు తీద్దామనుకుంది. ఆమె వచ్చి కూర్చుందో లేదో పెద్దాయన చేతులు చాచాడు. దీవెన ఎంతకీ ఎడతెగలేదు. ఇంటికి సిరి కలగాలన్నాడు, కోడళ్ళ కడుపు పండాలన్నాడు. కుల్పష్ చెవి వంటింటి మీదే ఉంది. తట్టిన చప్పుడు లేదు. లేస్తే పరువు పోతుంది, కాబట్టి లేవలేదు. దీవెన అయ్యాక చాయ్ పోయాల్సిన కోడలు ఏదని ఎవరో అడిగారు. "అలక," అంది కుల్పష్ నవ్వుతూ. నవ్వుతూనే వెళ్ళి మూత ఎత్తింది.

ఉల్జల్గాస్ పై మెట్టు మీదే ఉంది. మూతకి ఆనించిన చెయ్యి జారి పడింది, ఊపిరి లేదు. మాంసం గిన్నె ఒళ్ళోనే ఉంది, ఒలకలేదు.

మిషను ఎవరాపారని కబురందుకుని వచ్చిన ఇంజనీరు అడిగాడు. కుల్పష్ గుండెలు బాదుకుంటూ, అదే ఆపింది, వద్దంటే విన్లేదు అంది. అతను బిబిసారా వైపు తిరిగాడు. బిబిసారా కుల్పష్ కళ్ళల్లోకి సూటిగా చూసి, ఆ పిల్లే ఆపింది అని తలూపింది. చమురుబావుల పనిలో ఉన్న పెద్దకొడుకు యెర్కెబులాన్ వచ్చి మట్టి వేసి, ఇంటికొచ్చి బూట్లైనా విప్పకుండా అన్నాడు.

"నోరు లేదనుకున్నా. దానికి బుర్ర కూడా లేదన్నమాట."

తల్లి తల వంచుకుంది. పాపం ఆ పిల్ల పక్షాన ఒక్క మాట అనడానికి ఆ ఇంట్లో మనిషి లేకపోయె!

చలి ఇంకా తగ్గకుండానే బిబిసారా కూతురు మార్జాన్ చిన్నకోడలుగా కాపరానికొచ్చింది. మిషను కనిపెట్టే పని ఆమెకే ఇచ్చారు. మొదటిరోజు అందరికీ చాయ్ పోసి, తలగుడ్డ సర్దుకుని ఒద్దికగా నిలబడింది. మాళిగలోంచి బంగాళాదుంపలు తెమ్మంది కుల్పష్. మార్జాన్ మూత ఎత్తి పక్కన నిలబడింది గానీ దిగలేదు.

"మీరు దిగండి అత్తయ్యా. మూత నేను పట్టుకుంటాను. మా అమ్మ అంతా చెప్పే పంపింది."

ఆమె గొంతులో కోపం లేదు, గౌరవమే ఉంది. ముందుగదిలో చిన్నకొడుకు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పెరట్లో మిషను గుర్రుమంటోంది. దాన్ని ఆపొద్దని ఈ పిల్లని ఎలా అడగాలో కుల్పష్‌కి తోచలేదు. పై మెట్టు మీద కాలు పెట్టింది.