దిష్టి తగలొద్దని దాచిన ఖాతా

"ఇయ్యాల వద్దయ్యా. పైసలు తీసుడు ఎవరన్న చూసిన్రంటే పిల్లకు ఏమన్న అయితది," అన్నది యాకమ్మ, చాయ్ గిలాసలు కడుగుకుంటనే.

మహిపాల్ చెప్పులు తొడుక్కోబోయి ఆగాడు. "తీద్దామన్నది నువ్వే, వద్దన్నది నువ్వే. స్నేహలత తీస్తాంది, స్నేహలత తీస్తాందని రాత్రి నన్ను పండనీయకపోతివి."

అదీ నిజమే. స్నేహలత ఆమె యారాలు, మరిది భార్య. పదేళ్ల కింద అత్త మొగిలమ్మ ఇద్దరు కోడళ్లనూ వెంటబెట్టుకుని హన్మకొండ పోస్టాఫీసుకు పోయి, మనవరాళ్ల పై చదువులకని ఒకే రోజు సుకన్య ఖాతాలు తెరిపించింది. ఏడాది తిరగకముందే యాకమ్మ బిడ్డ రవళికి టైఫాయిడ్ వచ్చింది. నలుగురికీ చెప్పుకున్నందుకే కళ్లు పడ్డాయని యాకమ్మకు గట్టి నమ్మకం. అప్పటి నుంచి ఎవరడిగినా "ఎక్కడిదమ్మా, ఎప్పుడో బంద్ పెట్టినం" అనేది. అంటూనే జాకెట్లు కుట్టిన పైసలు నెలనెలా గుట్టుగా కట్టేది. పాసుబుక్కు బియ్యం డబ్బాలో అడుగున ఉండేది. రవళికి కూడా చెప్పలేదు, పిల్లల నోట్ల మాట ఆగదని.

ఇప్పుడు స్నేహలత బిడ్డ కావ్యకు హైదరాబాదులో ఫార్మసీ సీటు వచ్చింది. ర్యాంకు చూస్తే రవళిదే మంచిది. అయినా మొదటి విడత కౌన్సెలింగులో ఒక్క కాలేజీ పేరూ పెట్టలేదు. "డిగ్రీ చాల్లే అమ్మా" అని సర్కారు కాలేజీకి పోతోంది. కావ్య తెల్లకోటు తొడుక్కుని ఫోటో పెడితే, యాకమ్మ దాన్ని పెద్దది చేసుకుని చూసి, ఫోను బోర్లా పెట్టింది. ఆ కోటు రవళికైతే ఇంకెంత ముద్దుగుండు. ఆ పొట్టిదానికి భుజాలు జారుతున్నయ్.

చివరికి రవళిని తీసుకుని ధర్మసాగర్ నుంచి బస్సెక్కింది. పద్దెనిమిది నిండాయి కాబట్టి పిల్ల సంతకం ఉండాలట. "ఆధార్ పని" అని మాత్రం చెప్పింది.

పోస్టాఫీసు లైన్లో ముందు స్నేహలత, కావ్య.

"అక్కా, నువ్వెందుకొచ్చినవ్? నీది బందయిందంటివి గద," అన్నది స్నేహలత. "జర అప్పట్ల కట్టుకుంట పోతే రవళి సుత మా కావ్య తోటే పోయేది. పాపం, తెలివిగల్ల పిల్ల."

ఆ 'పాపం' యాకమ్మకు ముల్లులా దిగింది. దిష్టి, భయం అన్నీ పక్కకు పోయినయ్. సంచిలోంచి పాసుబుక్కు తీసి కౌంటరు మీద పెట్టింది. "బందెందుకైతది? ఒక్క నెల తప్పలే. మీదానికంటె ఎక్కువనే ఉంటది చూసుకో."

స్నేహలత మొహం చిన్నబోయింది. "నాకన్న చెప్పకపోతివి అక్కా," అన్నది. యాకమ్మకు ఆ మొహం చూస్తే ఎండలో చల్లటి నీళ్లు తాగినట్లయింది.

కౌంటరులోని గుమాస్తా శ్యాంసుందర్ అద్దాల పైనుంచి చూశాడు. "సీటు కాయితమేదమ్మా? కాలేజీ ఎంత ఫీజు అడుగుతే అంతనే ఇస్తం."

"డిగ్రీ చదువుతాంది సార్."

"సర్కారు కాలేజీల కట్టేదే అంతంత. దానికి తీసేదేముంటది?" పాసుబుక్కు వెనక్కి జరిపి కావ్య కాయితాలు అందుకున్నాడు.

అప్పుడు చూసింది యాకమ్మ రవళి వైపు. పిల్ల ఆ పాసుబుక్కు చేతికి తీసుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. తన పేరున్న పేజీ దగ్గర ఆగి, మళ్లీ మొదటికొచ్చింది.

తిరిగొచ్చే బస్సులో రవళి కిటికీ వైపు జరిగి కూర్చుంది. జ్వరం తగిలిందేమోనని యాకమ్మ ఆమె నుదురు ముట్టి చూసింది. చల్లగానే ఉంది. "తల నొస్తాందా బిడ్డా? ఎవలన్న ఏమన్నరా?"

రవళి పాసుబుక్కు మొదటి పేజీ మళ్లీ తెరిచింది. హన్మకొండ దాటాక యాకమ్మకు మెల్లగా అర్థమైంది. "పైసలు లేవనుకున్నవా? గందుకేనా పేర్లు పెట్టలే?"

పిల్ల తలూపి, పాసుబుక్కు మూసింది.

"ఆఖరి విడత ఎల్లుండి దాక ఉన్నదన్నది మీ చిన్నమ్మ. కావ్య కాలేజే రాయి. దానికన్న పెద్ద కాలేజున్నా రాయి. రాస్తవా?"

చెరువు కట్ట వచ్చింది, పోయింది. రవళి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంది. యాకమ్మ బియ్యం డబ్బా మూత తీసి పట్టుకుంటే, పిల్ల పాసుబుక్కును అందులో వేయకుండా, అందరికీ కనిపించేలా టీవీ పక్కన పెట్టింది. దాన్ని తీద్దామా వద్దా అని యాకమ్మ చెయ్యి లేచి మళ్లీ దిగింది.

మహిపాల్ పొద్దుగూకినంక వచ్చి, ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, ఏమీ అడగకుండా అన్నానికి కూర్చున్నాడు. తల్లి వడ్డిస్తుంటే రవళి కంచం దగ్గరికి జరుపుకుంది.

"రాస్త," అన్నది. "కాని కావ్య కాలేజి కాదు, నాకు నచ్చినయి రాస్త. ఇంకోటమ్మా, ఇగముందు ఏమన్న దాసేదుంటే నాకు చెప్పి దాయి."