మామయ్యకి ఎక్కిన గ్యాసు

మా మామయ్య గురునాథరావు నాతో మాటాడడు. కోపం కాదు, పద్ధతంట. నాను ఎదురుగా నిల్సున్నా గోడ కేసి తిరిగి, "ఒసే, నీ కోడలికి సెప్పు, పులుసులో ఉప్పెక్కువైంది" అంటాడు. అత్త ఇంట్లో లేకపోతే గోడకే సెప్తాడు. నాను కాపరానికొచ్చిన కాడ్నుంచీ ఆ గోడ ఎన్ని తిట్లు తిందో దేవుడికెరుక.

గాజువాకలో కర్రీ పాయింట్ పెడతానన్నాను. నా సేపల పులుసంటే మా మల్కాపురం వీధంతా పడి సస్తాది మరి. "ఇంటి కోడలు రోడ్డెక్కి కూరలమ్మితే పరువేటవుతాది?" అన్నాడు, గోడతోనే. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైపోయాడు గానీ పెత్తనానికి రిటైర్మెంట్ లేదు. మా ఆయన నవీన్, తండ్రి ముందు పిల్లి. సూసి పెట్టుకున్న కొట్టు ఇంకెవరికో పోతాదని నాకు నిద్ర పట్టేది కాదు.

అంతలో మామయ్యకి పన్ను పుచ్చింది. సూదంటే వణుకు. నానే తీసుకెళ్ళాను. గాజువాక పళ్ళ డాక్టరు భ్రమరాంబ గారు నవ్వుల గ్యాసు ఇస్తానన్నారు. ఆక్సిజన్‌తో కలిపి ముక్కుకి పెడతారంట, ఆపేసి ఉత్త ఆక్సిజన్ పీలిస్తే ఐదు నిమిషాల్లో దిగిపోతాదంట. కేకుల మీద క్రీము పొంగించేదీ అదే గ్యాసంట. క్రీము సంగతి సరే, మా మామయ్య పొంగుతాడా అనుకున్నాను.

పొంగాడు. ముక్కుకి పెట్టిన కాసేపటికే కిసుక్కుమని నవ్వి, "సీతాలూ, నీ పులుసు రుసి మీ అత్త సేతికి ఏడు జన్మలెత్తినా రాదమ్మా. కొట్టు పెట్టేయ్" అన్నాడు. ఆయనకి నా పేరు తెలుసని ఆ రోజే తెలిసింది. ఏడుపొచ్చేసింది నాకు. సూది ఎప్పుడు పొడిచారో, పన్ను ఎప్పుడు పీకారో ఆయనకి పట్టనే లేదు.

ఇంటికొచ్చాక మళ్ళీ గోడే. "నీ కోడలికి సెప్పు, అవన్నీ గ్యాసు మాటలు."

ఒళ్ళు మండింది. నానూ గోడ కేసే తిరిగాను. "గోడమ్మా, మామయ్యకి సెప్పు. గ్యాసు ఐదు నిమిషాల్లో దిగిపోయింది. ఆటోలో అరగంట కూకున్నాం. దారంతా పక్కనోళ్ళకి 'మా కోడలు కొట్టు పెడతంది, రండి' అని సెప్పిందెవరంట?"

గోడ మాటాడలేదు. ఆయన తువ్వాలు దులుపుకుని బయటికెళ్ళిపోయాడు. నాను కొట్టు తెరిసేశాను.

కొన్నాళ్ళకి, "నీ కోడలికి సెప్పు, ఇంకో పన్ను సలుపుతంది" అన్నాడు. తీసుకెళ్ళాను. డాక్టరు గారు లైటేసి సూసి, పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి, ఏ జబ్బూ లేదన్నారు.

మామయ్య క్లినిక్ గోడ కేసి తిరిగాడు.

"అయినా కొంచెం గ్యాసు పెట్టండి డాక్టరమ్మా. మా కోడలితో ఓ మాట సెప్పాలి."