లోతుకి పనికొచ్చే బట్ట

వాన మొదలైతే చాలు, వీధివాళ్ళంతా శ్యామలాంబని కేకేసేవారు. ఎవరి డాబా మీద వడియాలు ఎండుతున్నా ఎత్తుకొచ్చేది ఆవిడే. చెరగు కింద పెట్టుకుని నింపాదిగా మెట్లు దిగేది. వడియాలూ తడిసేవి కావు, చెరగూ తడిసేది కాదు, ఆవిడా తడిసేది కాదు. నీళ్ళు ఆవిడ ఒంటి దాకా వచ్చి పక్కకి తప్పుకునేవి. గొంతులోకి దిగే మంచినీళ్ళకి మాత్రం పేచీ లేదు. పుష్కరాల్లో రాజమండ్రి జనమంతా గోదావరిలో మునకలేస్తే, ఈవిడ నడుంలోతున నిలబడి పొడి చీరతో ఇంటికొచ్చింది. భర్త అబ్బులు గజ ఈతగాడు. పడవ లంగరు కోసం గోదావరిలోకి దిగి పైకి రాలేదు. నాటి నుంచీ గోదావరి ఈవిడకి మొహం చాటేసిందని వీధివాళ్ళు సరిపెట్టుకున్నారు.

ఒక్కటే ఇబ్బంది. వడియాలు ఇచ్చేశాక కూడా ఆవిడ వానలోనే నిలబడిపోయేది. ఎవరో ఒకరు పిలిస్తే తప్ప ఇంట్లోకి రాదు.

ఆ రోజూ మనవరాలు దుర్గాశ్రీయే పిలిచింది. పిలిచి, మళ్ళీ అరుగు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కోసాగింది. ముందు మూడు రబ్బరు ముక్కలున్నాయి. సిలిండరూ గొట్టమూ లేకుండా, ఒక్క ఊపిరితో సముద్రం లోతుకి దిగి రావడం ఆ పిల్ల పిచ్చి. విశాఖలో నేర్చుకుంటోంది. అక్కడ డైవింగ్ సూట్లు కుట్టే జయపాల్ ఈ ముక్కలు పంపి, ఆ పిల్ల సూటుకి ఏది కావాలో తేల్చమన్నాడు.

మొదటి ముక్క దిబ్బరొట్టెలా మందం. నిండా గాలి బుడగలే. పైన తేలుస్తుంది గానీ, లోతుకెళ్తే నలిగి అప్పడమైపోతుంది. అప్పుడు నడుముకి కట్టుకున్న సీసం బరువు కిందికి లాగేస్తుంది. రెండోదానికి లోపల అస్తరు లేదు. సబ్బునీళ్ళు పోసుకుంటే గానీ ఎక్కదు, ఎక్కిందంటే ఒంటికి అతుక్కుపోతుంది, చుక్క నీరు రానివ్వదు. మూడోది పల్చన, రెండు వైపులా అస్తరు. మెడ దగ్గర కొంచెం నీళ్ళు దూరతాయి.

పొద్దుటి నుంచీ ఒకటి తియ్యడం, ఇంకోటి పెట్టడం. కాఫీ చల్లారిపోయింది. జయపాల్ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, తేల్చావా? సాయంత్రం కటింగ్ పెట్టుకున్నాను."

"పది నిమిషాలండి," అంది, గంట క్రితం అన్నట్టే.

శ్యామలాంబ పక్కన చతికిలబడింది. "రబ్బరు ముక్కకి ఇంత ఆలోచనేంటే? పెళ్ళిచూపులా?"

దుర్గాశ్రీ నవ్వలేదు. "పోయినసారి ఈ రెండో రకం సూటు అడిగి తెచ్చుకుని దిగాను మామ్మా. ఎంత వెచ్చగా ఉందో! దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. పైకి రావాలన్న సంగతే మర్చిపోయాను. నాతో దిగే సత్యవాణి అక్క వచ్చి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అమ్మకి చెప్పకు."

మానెయ్యమని ముసలావిడ నోటిదాకా వచ్చింది. ఆ మాట అబ్బులు దగ్గరే చెల్లలేదు, అదే రక్తం పంచుకున్న దీని దగ్గర చెల్లుతుందా!

"మళ్ళీ దిగుతావా?"

"దిగకుండా ఉండలేను. కానీ భయమేత్తంది."

శ్యామలాంబ ముక్కలు పట్టుకుని, తడిపి చూద్దామని అరుగు కింద వాననీళ్ళ బకెట్లో చెయ్యి పెట్టింది. నీళ్ళు బకెట్ అంచులకి ఒత్తుకుని మధ్యలో చోటిచ్చాయి. విసుగ్గా చెయ్యి తీసేసింది.

"మీ తాత చలికాలం ఒంటినిండా ఆముదం రాసుకుని దిగీవోరు. ఆరోజు మరీ మందంగా రాసుకున్నారు. చలేసుంటే వచ్చేసీవోరే."

"మామ్మా..."

"నన్ను చూడు. వానలో ఎంతసేపున్నా ఇంటికి పోదామనిపించదు నాకు. ఒకళ్ళు పిలవాలి. తడిసేవోళ్ళని ఎవరు పిలుత్తారు? వాళ్ళే పరిగెత్తుకొత్తారు." మూడో ముక్క మనవరాలి ఒళ్ళో పడేసింది. "ఇది కుట్టించుకో."

"లోపల చలేత్తది మామ్మా."

"ఎయ్యనీ."

కొత్త సూటుతో దుర్గాశ్రీ విశాఖ సముద్రంలో తాడు పట్టుకుని దిగింది. వెలుతురు పోయింది, చప్పుడు పోయింది. మునుపటి హాయే మళ్ళీ వచ్చి కమ్మేసింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనిపించింది. ఇంతలో మెడ వెనక నుంచి సన్నటి నీటిధార వీపు మీదికి జారింది. ఒళ్ళు జలదరించింది. మామ్మ, ఆవిడ పెట్టే వేడివేడి చారన్నం గుర్తొచ్చాయి. గిర్రున తిరిగింది. పైకొచ్చి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. ఈసారి సత్యవాణి చెయ్యి వెయ్యాల్సిన పని పడలేదు.

ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చేసరికి ముసురు పట్టింది. అమ్మాయి తిరిగొచ్చిందన్న సంబరంలో శ్యామలాంబ కాళ్ళు నేల మీద నిలవలేదు. సంచిలోంచి తడి సూటు లాక్కుని దండెం మీద ఆరేస్తానని పెరట్లోకి నడిచింది.

"వానలో ఎక్కడ ఆరుద్ది మామ్మా?" అని ఈ పిల్ల అరిచినా వినలేదు.

సూటు గట్టిగా పిండింది. మనవరాలి ఒంటిని అంటి వచ్చిన నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి కారాయి. పక్కకి తప్పుకోలేదు. మణికట్టు దాటి మోచేతి దాకా పాకాయి. శ్యామలాంబ వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత ఒక చినుకు నుదుటి మీద పడి ఆగింది. ఇంకోటి చెంప మీద. చూస్తుండగానే నెరిసిన జుట్టు తలకి అంటుకుపోయింది, చీర కాళ్ళకి చుట్టుకుపోయింది.

"ఒసే దుర్గా, చలేత్తందే!" అంటూ, ఎవరూ పిలవకుండానే ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి తువ్వాలు అడిగింది.