గురువుగారి గదిలో ఏసీ

"ఇంక నీకు ఆ నెల నెలా ఇబ్బంది లేదుగా ఉషా. గురువుగారి గది రోజూ నువ్వే తుడుచుకోవచ్చు," అన్నారు మా ఆయన, లేడీ డాక్టరు గారి దగ్గర్నుంచి వస్తూ, కాలవ వంతెన మీద స్కూటర్ నెమ్మది చేసి.

నన్ను నొప్పించాలని అన్న మాట కాదది. సంతోషంగానే అన్నారు. ప్రమోషన్ వచ్చిన మనిషికి ఆ కబురు ముందుగా తనే చెబుతున్నట్టు, మెడ వెనక్కి తిప్పి మరీ చెప్పారు. ఈ ఇల్లు కట్టుకున్న దగ్గర్నుంచి నెలకి మూడు రోజులు నేను ఆ గది గడప తొక్కకూడదు. ఆ మూడు రోజులూ ఆయనే తుడిచేవారు, మూలలు వదిలేసి. నాలుగో రోజు తలకి పోసుకుని ఆ మూలలు నేను తుడిచేదాన్ని. ఇక ఆ అంతరాయం కూడా లేదు. డాక్టరు గారు చెప్పింది మాత్రం వేరు. "ముట్లు ఆగిపోయాయండి. ఈ ఆవిర్లు ఇంకొన్నాళ్ళు తప్పవు. కాస్త చల్లగా ఉండే గదిలో పడుకోండి, వేడి తగ్గితే మీకే తేలిగ్గా ఉంటుంది," అన్నారావిడ. పక్క కుర్చీలో కూర్చుని ఈయన కూడా విన్నారు. రెండు మాటలూ విని, మొదటిదొక్కటే ఇంటికి తెచ్చుకున్నారు.

మా ఇంట్లో చల్లగా ఉండే గది ఒక్కటే, అది గురువుగారిది. ఉన్నవి రెండు పడగ్గదులు. ఒకదాంట్లో మా అత్తగారు అచ్చాయమ్మ గారుంటారు, ఆవిడకి ఆయాసం, చలిగాలి గిట్టదు. రెండోది గురువుగారు వస్తే విడిది చెయ్యడానికని మా ఆయన ప్రత్యేకం కట్టించారు. కొత్త మంచం, కొత్త పరుపు, ఇంటి మొత్తానికి ఒకే ఒక్క ఏసీ. గురువుగారు ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వచ్చేవారు. మేమిద్దరం హాల్లో పడుకునేవాళ్ళం. హాలంటే వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య దారి, అడ్డంగా ఒక తలుపు కూడా లేదు. గురువుగారు దేహం చాలించి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ మంచం మీద దిండుకి ఆనించి ఆయన పటం ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మా ఆయన ఎరువుల షాపు మూసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఆ గదిలో ఏసీ వేస్తారు. అది గురువుగారు విశ్రాంతి తీసుకునే వేళ. విశ్రాంతి అయ్యాక ఒక గ్లాసు పలచటి మజ్జిగ లోపలికి తీసుకెళతారు, కాసేపాగి తీసుకొచ్చి ప్రసాదంగా తాగుతారు.

మా అమ్మాయి దుర్గాశ్రీ కాకినాడలో నర్సు. సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి అడిగేసింది. "నాన్నా, పటానికి చెమట పడుతుందా?"

ఆయనకి కోపం రాలేదు. ఎప్పుడూ రాదు. "పటానికి కాదమ్మా, నాకు పడుతుంది. ఆయన ఉక్కలో ఉన్నారనుకుంటే," అన్నారు. దుర్గ నా వంక చూసింది. ఆయన ఆ మాట నటించి అనలేదు. నిజంగానే ఆయన నుదుటి మీద చెమట ఉంది.

మా ఆయన పేరు సత్యప్రసాద్. గురువు అంటే ఆయనకి ఏమిటో చెప్పకపోతే నేను ఆయన మీద చాడీలు చెబుతున్నట్టుంటుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయారు. పరీక్ష తప్పారు. ద్రాక్షారామంలో స్వామివారి దర్శనం చేసుకుని అట్నుంచి అటే కాలవలో దూకుదామని బయల్దేరారట. దారిలో ఒక పశువుల పాక ముందు నలుగురు కూర్చుని ఒక రైతు చెప్పేది వింటుంటే ఊరికే నిలబడ్డారు. ఆ రైతే గురువుగారు. కాషాయం లేదు, గడ్డం లేదు, మోకాళ్ళ పైకి కట్టిన పంచె. చెప్పేది ఆపి, "అన్నం తిన్నావా?" అని అడిగారట. అంతే. అదే నాకు ఉపదేశం అంటారు మా ఆయన. ప్రతి గురువారం మా హాల్లో జరిగే సత్సంగంలో ఈ కథ చెబుతారు, చెప్పిన ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి ఆయన కండువాతో కళ్ళొత్తుకుంటారు, నాకూ చెమరుస్తాయి. వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ నేను మనసులో ఒక వాక్యం కలుపుకుంటాను. ఆ వేళకాని వేళ అన్నం పెట్టింది గురువుగారి భార్య, అమ్మగారు. ఆవిడ మళ్ళీ ఎసరు పెట్టాల్సి వచ్చిందో ఏమో కథలో ఉండదు.

ఆ రోజు నుంచి ఈయన ఆయన మనిషి అయిపోయారు. గురువుగారు కూర్చున్నట్టు కూర్చుంటారు, ఆయన దగ్గినట్టు దగ్గుతారు, ఆయనలాగే ఎడం చేత్తో కండువా సర్దుకుంటారు. బ్యాంకు ఉద్యోగం వస్తే కాకినాడ వెళ్ళాలని వదిలేశారు, గురువారాలు తప్పిపోతాయని. గురువుగారే ఈయన్ని "నువ్వూ చెప్పరా ప్రసాదూ" అని బోధకి కూర్చోబెట్టారు. చక్కగా చెబుతారు. తగువుపడ్డ అన్నదమ్ములు మా ఇంట్లో కూర్చుని ఒకే చెంబులో నీళ్ళు తాగి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. నా మీద ఈనాటి వరకూ గొంతెత్తలేదు. గురువారం నేను తెల్లవారకముందే లేచి సాయంత్రం వచ్చేవాళ్ళందరికీ పులిహోర కలిపి, అప్పుడు స్కూలుకి పరిగెడతాను. పులిహోర కుదిరితే గురువుగారి మహిమ. ఉప్పు ఎక్కువైతే నా చెయ్యి.

మా ఇంట్లో ఏ పనైనా గురువుగారి మాట మీదే కదిలింది. అందులో నేను బాగుపడ్డవీ ఉన్నాయి. మా పుట్టింట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటిదాన్ని నేను. డిగ్రీ రెండో సంవత్సరంలో పెళ్ళి చేసేశారు. చదువు పూర్తి చేస్తానని అత్తగారిని బతిమాలాను. "చదివి ఎవరినుద్ధరిస్తావమ్మాయ్, గేదెకి కుడితి పెట్టు ముందు," అన్నారావిడ. ఈయన్నడిగితే, "గురువుగారిని అడుగుతాను," అన్నారు. అడిగారు. "చదివించరా, దానికి మనసుంటే," అన్నారట ఆయన. మర్నాటి నుంచి అత్తగారే కుడితి పెట్టారు. అలా డిగ్రీ, తరవాత బీఎడ్, తరవాత టీచరుద్యోగం. ఇప్పటికీ మా చుట్టాలు గురువుగారి దయవల్ల చదువుకుంది అంటారు. ఆయన దయ ఉంది, కాదనను, ఆయన పటానికి నేను పెట్టే దణ్ణంలో వంకర లేదు. కానీ పిల్లని ఒళ్ళో వేసుకుని పుస్తకం చదివింది నేను. అంతకంటే నన్ను నలిపేది ఇంకొకటుంది. నేను అడిగినప్పుడు అది ఎవరికీ వినబడలేదు. అదే మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఇల్లంతా విన్నది.

ఈ ఆవిర్లు ఎలా ఉంటాయో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు, మగవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పొట్టలోంచి ఒక మంట లేచి మెడకీ, చెవులకీ పాకుతుంది. జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ గోడ పట్టుకుంటాను. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చుంటే మా హెడ్మాస్టారు సురేష్‌బాబు గారు, "ఆ ఫ్యాను మీ పేర రిజిస్ట్రీ చేయించుకున్నారేంటండీ ఉషారాణి గారూ," అంటారు. నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికొస్తే వైశాఖ మాసపు ఉక్క. మా వైపు గాలిలో సగం నీళ్ళే. మా ఆయన జాలిపడి హాల్లోకి ఒక కూలర్ కొన్నారు. తడి గాలికి ఇంకా తడి కలిపి కొట్టేది. దాని ముందు కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుండేది.

ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను. "ఏమండీ, మధ్యాహ్నం పూట కాసేపు ఆ గదిలో నడుం వాలుస్తానండి. మంచం మీద వద్దులెండి, కింద చాప వేసుకుంటాను."

ఆయన ఎడం చేత్తో కండువా సర్దుకున్నారు. తరవాత నెమ్మదిగా అన్నారు. "గురువుగారు ఉంటే అడిగేవాణ్ణి ఉషా. ఇప్పుడు ఎవర్నడగను? ఆయనైతే పడుకోనివ్వరా అనేవారే."

"అనేవారని మీకే తెలుసు కదండీ మరి."

"అనేవారు అనుకోవడం వేరు. అన్నారు అనడం వేరు," అన్నారు. కాదనడానికి ఆయన పడ్డ బాధ చూసి, అడిగిన నేనే ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

వేసవి సెలవులిచ్చాక అమ్మగారు మా ఇంటికొచ్చారు. గురువుగారి ఆరాధనకి పిలవడానికి కిందటేడూ ఇలాగే వచ్చారు. ఎప్పుడొచ్చినా హాల్లో కూర్చోరు, వంటింట్లో పీట లాక్కుంటారు. ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తున్నాను. ఆవిడా ఒక గుడ్డ తీసుకున్నారు. ఇంతలో నాకు ఆవిరి లేచింది. పమిటతో మొహం అద్దుకుంటుంటే చూసి, "ఆగిపోయాయా?" అన్నారు. తలూపాను. "నాకు నాలుగేళ్ళు పట్టిందమ్మా. పశువుల కుడితి తొట్లో చేతులు పెట్టుకుని నిలబడేదాన్ని చల్లగా ఉంటుందని," అని నవ్వారు. తరవాత, "ఆ గదిలో మిషనుందిగా, అక్కడ పడుకోవేంటి?" అన్నారు.

చెప్పాను. ఆవిడ ముక్క తుడవడం ఆపి నా మొహంలోకి చూశారు.

"మీ గురువుగారికి ఆ మిషను పడేదే కాదు. మోకాళ్ళు పట్టేసేవి. ప్రసాదు తలుపేసి వెళ్ళగానే దాన్ని ఆపేసి, కిటికీ తీసుకుని, కింద చాప మీద పడుకునేవారు. పిచ్చివెధవ ముచ్చటపడి పెట్టించాడు, వాడికి చెప్పకు అన్నారు. నేను చెప్పలేదు. ఇప్పుడు కావాలంటే నువ్వు చెప్పు. ఆయనేం లేచొచ్చి కేకలేస్తారా."

గురువుగారు మా ఇంట్లో ఉండి వెళ్ళిన ప్రతిసారీ గది సర్దింది నేనే. కిటికీ గడియ తీసి ఉండేది, చాప చుట్టి వేరే మూల ఉండేది. ధ్యానం చేసుకున్నారనుకునేదాన్ని. ఆ ముసలాయన ఒక శిష్యుడి మనసు కష్టపెట్టలేక, వద్దనలేక, దొంగచాటుగా ఏసీ ఆపుకుని పడుకున్నారని తెలిసి నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతమంది ఒకరికోసం ఒకరు ఇంత ప్రేమగా ఓర్చుకున్నారు. ఉక్క మాత్రం నా వంతుకి వచ్చింది.

అమ్మగారు వెళ్ళాక ఆ మాట నా నాలిక చివరే ఉంది. అంటే చాలు, గది నాదవుతుంది. గురువుగారికి అక్కర్లేని చల్లదనం పటానికి మాత్రం ఎందుకు? మా ఆయన దగ్గర దానికి జవాబుండదు. ఒక సాయంత్రం అనబోయాను కూడా. అప్పుడాయన ఏసీ జాలీ ఊడదీసి, పెరట్లో స్టూలు మీద కూర్చుని, పాత పళ్ళ బ్రష్షుతో దుమ్ము తోముతున్నారు. పసిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దుతున్నారు. వంటింట్లోకి తిరిగి వచ్చేశాను. పాపం అనిపించింది, నిజమే. కానీ పాపం ఒక్కటే కాదు. అత్తగారి జావ కాస్తూ ఆలోచించాను. ఇది చెబితే గది ఇస్తారు. గురువుగారి మాట విని ఇస్తారు. నా చదువులాగే ఇదీ ఆయన పెట్టిన భిక్షే అవుతుంది. యాభై రెండేళ్ళ నా ఒళ్ళు, అందులో లేచే మంట, దానికి కావలసిన చల్లదనం. ఇంత చిన్నదానికి కూడా పోయిన మనిషి సిఫార్సు ఎందుకు? నాకు ఉక్కగా ఉంది అని నేను అంటే, ఆ మాట ఒక మాటగా ఈ ఇంట్లో నిలబడాలి. నిలబడుతుందో లేదో ఒక్కసారైనా చూడాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే వచ్చి ఏసీ వేసి, స్నానానికి వెళ్ళారు. అత్తగారు నిద్రపోతున్నారు. నేను గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ఆ గదిలోకి వెళ్ళాను. చీపురు లేకుండా, తడిగుడ్డ లేకుండా ఆ గడప దాటడం నాకదే మొదటిసారి. గురువుగారి పటానికి దణ్ణం పెట్టి, రెండు చేతులా ఎత్తి, గోడ బల్ల మీద పువ్వుల పక్కన పెట్టాను. మంచం మీద పడుకున్నాను. దుప్పటి వీపుకి చల్లగా తగిలింది. ఎన్నేళ్ళుగానో ఉతికి పరుస్తున్నాను, ఇంత మెత్తటి దుప్పటని తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ఆయన మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయారు. నన్ను చూశారు, బల్ల మీద పటాన్ని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. కోపం కాదు, భయం. నేను లేవలేదు.

"ఉషా," అన్నారు. గొంతు సవరించుకుని, చాలా ఆశగా అడిగారు. "గురువుగారు కల్లో కనిపించారా? పడుకోమన్నారా?"

ఆయన మొహం చూస్తే నాకర్థమైంది. అవునను ఉషా, ఒక్కసారి అవునను, నేను ఒప్పేసుకుంటాను అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. నాకు గది ఇవ్వాలని ఆయనకీ ఉంది. ఇచ్చే దారి ఆయనకి తెలిసింది అదొక్కటే. నేను అవునంటే ఇద్దరికీ సులువు. అమ్మగారు చెప్పింది చెప్పినా సులువే, అది అబద్ధం కూడా కాదు.

"లేదండీ," అన్నాను. "నాకు ఉక్కగా ఉంది. నేనే పడుకున్నాను. రోజూ పడుకుంటాను."

ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ నిలబడ్డం ఎంతసేపైనా నిలబడనిద్దామనుకున్నాను. తరవాత గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని అన్నాను.

"ఆ తలుపు దగ్గరగా వెయ్యండి. చల్లదనమంతా బయటికి పోతోంది."