ఊదారంగు తొడుగు

"బ్యాటరీని అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకుంటే చాలు. ఏ దేశంలో పుట్టిందో, ఎంత సత్తువ ఉందో, దాని అమ్మానాన్నలు ఎలాంటివాళ్ళో కూడా చెప్పేస్తా."

ఈ మాట డెర్లిస్ చెప్పని మనిషి సరిహద్దు ఊరు సియుదాద్ దెల్ ఎస్తే బజారులో లేడు. వంతెన దాటి వచ్చే బ్రెజిల్ వాళ్ళకైతే వాళ్ళ భాషలోనే చెప్పాడు. వినీ వినీ విసుగెత్తి, ఒకరోజు అతను పనిచేసే వేప్ కొట్టు యజమానురాలు, అందరూ న్యా, అంటే అమ్మగారు, అని పిలిచే బెనీతా అతని కళ్ళకు రుమాలు కట్టి చేతిలో ఒకటి పెట్టింది. డెర్లిస్ దాన్ని అటూ ఇటూ దొర్లించాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"జపాన్ సరుకు న్యా. వానాకాలంలో తయారైంది. కాస్త కోపిష్టిది, కానీ నమ్మకమైంది."

రుమాలు విప్పి చూస్తే అది పిల్లలు బడిలో కాగితాలు అంటించుకునే జిగురు గొట్టం.

"నేను చెప్పలా, నమ్మకమైందని? అంటుకుంటే వదలదు" అన్నాడు డెర్లిస్, మొహంలో ఒక్క నరం కూడా కదలకుండా.

న్యా బెనీతా నవ్వలేదు. "ఒరేయ్, మొన్న స్ట్రాబెర్రీ వేప్ సీసాలో ఉల్లిపాయ రసం పోశావు, ఊరుకున్నా. ఇంకొక్క తమాషా చేశావంటే మీ అమ్మ దగ్గరికే పోయి చిపా రొట్టెలు అమ్ముకో" అంది. డెర్లిస్ బుద్ధిమంతుడిలా తలాడించాడు. ఆ తలాడింపు చూసి ఏ పాదిరీ అయినా అతన్ని పిలిచి గుడి తాళాలు చేతిలో పెట్టేవాడు.

సాన్ బ్లాస్ పండగ పొద్దున, గుడి వైపు జనం వెళ్తూండగా, కరాయ్ సెఫెరీనో అనే పెద్దమనిషి కొట్టులోకి వచ్చాడు. ఊరేగింపులో ట్రంపెట్ వాయించేది ఆయనే. ఇత్తడి గుండీల కోటు వేసుకుని, ఆ ఎండకి కరిగిపోతున్నట్టు ఉన్నాడు. ఊపిరి కోసం సిగరెట్టు మానేసి, బ్యాటరీతో ఆవిరి పీల్చే వేప్ పట్టాడు. దగ్గు తగ్గిందని ఆయన అంటాడు, పెరిగిందని ఆయన భార్య అంటుంది. ఆయన వాడేది వట్టి ఇత్తడి గొట్టం. లోపల చిప్పు లేదు, ఫ్యూజు లేదు. బటన్ నొక్కాక బ్యాటరీకీ మనిషి మూతికీ మధ్య దేవుడు తప్ప ఇంకెవరూ ఉండరు.

"పాతది చచ్చిపోయిందమ్మా. ఊరేగింపు అయ్యేదాకా నిలిచే బ్యాటరీ ఒకటియ్యి. మంచిది" అన్నాడు కరాయ్. బల్ల మీది గాజు జాడీలోంచి మంటల బొమ్మ ఉన్నదాన్ని తీశాడు. "ఇదిగో, దీని మీద తొమ్మిది వేల తొమ్మిది వందలని రాసుంది. ఇదే పెద్దది కదా?"

"పెద్ద అంకె ఉన్నది చిన్నది కరాయ్" అన్నాడు డెర్లిస్.

"ఆఁ?"

"ఇంత బ్యాటరీలో అందులో మూడో వంతు పట్టడమే గొప్ప. అంతకంటే ఎక్కువ రాసుంటే ఆ రాసినవాడు అబద్ధాలకోరు. అయినా మీ గొట్టానికి ఎంత పట్టుద్దన్నది కాదు ముఖ్యం, ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదన్నది. ఇప్పుడు మీరు చల్లటి తెరెరె కషాయం తాగుతారు కదా. ఫ్లాస్కు ఎంత పెద్దదైనా, పీల్చే పుల్ల సన్నగా ఉంటే గొంతులోకి ఏమొస్తుంది?"

"గాలి."

"అదీ! మీకు కావలసింది లావు పుల్ల. సన్న పుల్లని బలవంతాన పీలిస్తే వేడెక్కి పేలుద్ది."

"తెరెరె పేలుద్దా?"

"బ్యాటరీ, కరాయ్."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "అంటే ఫ్లాస్కు చిన్నదై, పుల్ల లావుగా ఉండి, అంకె తక్కువగా ఉన్నది ఎక్కువన్నమాట. నాకు స్వరాలు రాసిన కాగితమే దీనికంటే తేలిగ్గా అర్థమవుద్ది."

న్యా బెనీతా జాడీలో చెయ్యి పెట్టి ఊదారంగు తొడుగు ఉన్నదాన్ని తీసింది. "మీరు బుర్ర పాడుచేసుకోకండి. ఇది తీసుకోండి. లావు పుల్ల. నా కంపాద్రే తెచ్చిచ్చిన సరుకు."

డెర్లిస్ దాన్ని లాక్కోబోయి ఆగాడు.

ఎందుకంటే, బ్యాటరీకి ప్లాస్టిక్ తొడుగు మనిషికి చొక్కా లాంటిది. కోసేసి, కొత్తది తొడిగి, జుట్టు ఆరబెట్టే మిషనుతో వేడిగాలి కొడితే ఒంటికి అతుక్కుపోతుంది. తమ దగ్గర బ్యాటరీలు కొనే పక్క కొట్టు ఓస్మార్‌ని ఏడిపిద్దామని, మొన్న డెర్లిస్ అదే పని చేశాడు. మంచి బ్యాటరీలకుండే ఊదా చొక్కాలు కొత్తవి తెచ్చి, పాత ల్యాప్‌టాప్‌లు పగలగొట్టి తీసిన ముసలి బ్యాటరీలకు తొడిగాడు. కొన్ని మంచివాటికి మంటల చొక్కాలు తొడిగాడు. ఓస్మారేమో ఆ రోజే వాళ్ళ అత్తగారి ఊరు పోయాడు. ఈలోగా న్యా బెనీతా బల్ల సర్దుతూ అన్నీ ఒకే జాడీలో పోసేసింది. ఇప్పుడా జాడీలో ఊదా చొక్కాల్లో మంచివీ ఉన్నాయి, ముసలివీ ఉన్నాయి. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

కరాయ్ ఆ బ్యాటరీని గొట్టంలో వేసి మూత తిప్పుతున్నాడు. అది నోట్లో పేలితే ముందు పళ్ళు పోతాయి, పెదవులు పోతాయి, ట్రంపెట్ పోతుంది. నిజం చెబితే డెర్లిస్ ఉద్యోగం పోతుంది.

"ఇప్పుడే వద్దు కరాయ్! ఓడ మీద వచ్చిన బ్యాటరీ. ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి" అన్నాడు డెర్లిస్.

"బ్యాటరీకి విశ్రాంతా?" అంది న్యా బెనీతా.

"సముద్రం పడలేదు దానికి. కళ్ళు తిరుగుతున్నాయి."

కరాయ్ బ్యాటరీని బయటికి తీసి జాలిగా చూశాడు. "పాపం. మరి ఊరేగింపు ఇవాళే కదయ్యా?"

"పోనీ, ముందు సాన్ బ్లాస్ దగ్గర దీవెన పెట్టించండి. గొంతులు కాచే స్వామి కదా, గొట్టాలు కూడా ఆయన శాఖే."

"ఆయన శాఖా?" కరాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అంటే నేనిప్పుడు పడుకోబెట్టాలా, దీవెన పెట్టించాలా? ఏది ముందు?"

న్యా బెనీతా కళ్ళు చిన్నవి చేసి డెర్లిస్‌ని చూసింది. "వీడు మాట్లాడేకొద్దీ నాకు అనుమానం పెరుగుతోంది. ఇటివ్వండి, పరీక్ష యంత్రంలో పెట్టి చూద్దాం."

"యంత్రం చెడిపోయింది న్యా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. బాధగా ఉంది చెప్పడానికి."

ఆవిడ యంత్రం మీట వేసింది. అది ఆరోగ్యంగా పచ్చ దీపం వెలిగించింది. బ్యాటరీ లోపల దారి ఎంత ఇరుకైందో ఆ యంత్రం అంకెల్లో చెబుతుంది. అంకె చిన్నదైతే దారి విశాలం. అద్దం మీద అంకె పెరుగుతూ పోయి, ముసలివాళ్ళ వయసు దగ్గర ఆగింది.

"పెద్ద అంకె వచ్చింది!" అని సంబరపడ్డాడు కరాయ్. వాళ్ళిద్దరి మొహాలు చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ కూడా పెద్దది చెడ్డదేనా?"

డెర్లిస్ ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య, యంత్రమే చెప్పేసింది, తను నోరు విప్పే పని లేదు అనుకున్నాడు.

న్యా బెనీతా అద్దం వైపు చూసి, యంత్రం మీట కట్టేసింది.

"యంత్రం చెడిపోయింది" అంది.

"అదేంటి న్యా!"

"నువ్వే కదరా చెప్పావు. ఈ సరుకు తెచ్చింది నా కంపాద్రే. నా కొడుకుని చేతుల్లో ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించినవాడు. అలాంటి మనిషి నాకు చెత్త అంటగడతాడా? ఆయన్ని అనుమానించడం కంటే ఈ డబ్బాని అనుమానించడం మర్యాద."

"మర్యాద సంగతి కాదు న్యా, అంకె..."

"నీకు కంపాద్రే ఉన్నాడా? లేడు. నీకేం తెలుసు? కరాయ్, మీరు కానివ్వండి."

"కంపాద్రే సరుకంటే ఇంక మాటేముంది" అన్నాడు కరాయ్. ఆయనకు ఆ పొద్దుటి నుంచీ అర్థమైన మాట అదొక్కటే. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, బ్యాటరీ గొట్టంలో వేసి, పెదవుల దగ్గర పెట్టుకుని, బొటనవేలు బటన్ మీద ఆనించాడు.

డెర్లిస్ బల్ల మీదనుంచి దూకాడు. గొట్టం లాక్కుని, మూత తిప్పి, బ్యాటరీని బయటికి దులిపేశాడు. అప్పటికే అది కాస్త వెచ్చగా ఉంది.

"మీ కంపాద్రే మంచోడే న్యా! యంత్రమూ మంచిదే! చెడ్డోడిని నేను!"

ఆవిడ పంఖా కట్టేసింది.

"మళ్ళీ చెప్పు" అంది న్యా బెనీతా, గట్టిగా కాదు.

"తొడుగులు మార్చేశాను. ఓస్మార్‌ని ఏడిపిద్దామని. ఇది పాత ల్యాప్‌టాప్‌లోది. విశ్రాంతీ లేదు, దీవెనా లేదు, అన్నీ నా నోటికొచ్చినవే."

కరాయ్ చేత్తో మూతి తడుముకున్నాడు. "ఇది పేలేదా నాయనా? నా పళ్ళు పోయేవా?"

"ముందువి పోయేవి కరాయ్. వెనకవాటి సంగతి నేను గట్టిగా చెప్పలేను."

"మరి మంచివేవి?" అని న్యా బెనీతా జాడీని అతని ముందుకు తోసింది. "తియ్యి. ఒక్కటి తీసి చూపించు."

డెర్లిస్ జాడీలోకి చూశాడు. ఊదావి, మంటలవి, అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఒకటి తీసి, అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి అబద్ధం దొరకలేదు.

"తెలీదు న్యా" అన్నాడు. "ఒట్టు. తొడుగు తీసేస్తే నాకేమీ తెలీదు."