పరువు రెండు కిలోలు

నేను ఒక బంతిని. అయితే ఇంతవరకూ నన్ను చేత్తో పట్టుకున్నవాళ్లు లేరు. తణుకులో సుభాషిణి గారి కంప్యూటరు తెరమీద ఎర్రటి చుక్కగా పుట్టాను. ఆవిడ ఫిజిక్సులో డిగ్రీ చదివి, ఆ చదువునంతా ఇన్నాళ్లూ ప్రెషర్ కుక్కరు మీదే ప్రయోగించారు. ఇప్పుడు ఊళ్లోని బడిలో సైన్సు టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ కుక్కరే.

ముందు నాకు కింద పడటం నేర్పారు. నేను పైకి పడ్డాను. పుస్తకంలో ఎత్తు కిందనుంచి కొలుస్తారు, తెరమీద పైనుంచి కొలుస్తారు. ఆ తేడా ఆవిడకు తట్టేదాకా సీలింగుకు అతుక్కునే ఉన్నాను.

తరువాత గాలి తోస్తే కదలడం. బలాన్ని బరువుతో భాగిస్తే నేను ఎంత జోరందుకోవాలో తేలుతుంది. ప్రోగ్రాములో పేర్లన్నీ ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాసుకున్నారు. బరువు దగ్గర ప్రస్తుతానికి సున్నా పెట్టి, దోసె మాడుతోందని లేచారు. పాఠం ఆ ఉదయమే.

"ఏమండీ, ఆ సున్నా తీసేసి బరువు రెండు అని కొట్టండి," అని వంటింట్లోంచి కేకేశారు. మిక్సీ తిరుగుతోంది.

"పరువా?" అన్నారు భర్త కామేశం గారు.

"ఆఁ, అదే. రెండు."

"రెండేనా? మీ నాన్నగారు వింటే బాధపడతారే."

"ముందు కొట్టండి, టైమవుతోంది."

ఆయన సున్నా జోలికి పోకుండా, కింద కొత్త వరుసలో పరువు రెండు అని కొట్టారు. అలా నా బరువు సున్నాగానే ఉండిపోయింది, పరువు మాత్రం రెండు కిలోలు అయింది. ఇలాంటివాళ్లు మీలోనూ ఉన్నారని విన్నాను.

బడిలో హెడ్మిస్ట్రెస్ వరూధిని గారు నవ్వని మొహంతో వెనకబల్లమీద కూర్చున్నారు. సుభాషిణి గారు గాలి మీట నొక్కారు. సున్నాతో భాగించేసరికి నేను మాయమయ్యాను. తెర ఖాళీ.

"బంతేదండీ టీచర్?" అన్నాడొక కుర్రాడు.

"ఎదురింట్లో పడుంటదిలే," అన్నాడు ఇంకొకడు.

ఆవిడ ప్రోగ్రాము తెరిచారు. ముందుబల్ల పిల్ల పైకే చదివింది: "పరువు రెండంట."

తరగతి పగలబడి నవ్వింది.

"మా ఆయన కొట్టారు," అన్నారు ఆవిడ తాపీగా. "సరే, బరువే లేనిదాన్ని తోస్తే ఏమవుతుందో చెప్పండి."

నవ్వులు ఆగాయి. "ఆగదండి. పోతానే ఉంటది," అంది ఆ పిల్ల.

"ఎంత దూరం?"

"అంతుండదండి."

మాట దిద్దాక నేను పెళ్లిచూపులకొచ్చినవాడిలా మర్యాదగా కదిలాను. ఎవరూ పట్టించుకోలేదు. వరూధిని గారు లేచి నిలబడ్డారు.

"ఇది బాగానే ఉంది గాని, టీచర్ గారూ, ఇందాకటిలా ఇంకోసారి మాయం చెయ్యండి."

టీచర్ గారూ అన్నారంటే ఉద్యోగం ఇచ్చినట్టే.

ఇప్పుడు నా కాపురం బడి కంప్యూటర్లో. కొత్త తరగతి వచ్చినప్పుడల్లా ఆవిడ నా బరువు సున్నా చేసి, ఏమీ ఎరగనట్టు మీట నొక్కుతారు. నేనెక్కడికి పోయానా అని పిల్లలు వెతుకుతారు. ఎక్కడికీ పోను. తెర అంచుకు అవతల కూర్చుని చప్పట్లు వింటూ ఉంటాను.