ట్యూబులైటు నీలం

అద్దకం మిల్లులో ఆమెను అందరూ డేగకళ్ళు అనేవారు. పక్కపక్కన పెట్టిన రెండు గుడ్డముక్కల్లో పిసరంత తేడా ఉన్నా పట్టేసేది. పద్దెనిమిదేళ్ళు అదే ఆమె పని. ఆమె సరేనంటేనే బట్ట గేటు దాటేది.

అదే మిల్లులో రంగుపొడులు కొనే పని ఆమె బావది, అంటే సొంత అక్క మొగుడిది. ఒక ఏడాది అతను పాడైపోయిన పొడి తెచ్చి, డబ్బాల మీద కొత్త తేదీలు అంటించాడు. ఆమె చూసి పంపిన మూడు వేల గజాల బట్ట గేటు దాటాక మచ్చలు తేలింది. ఓనరు కేకలేస్తే బావ తల వంచుకుని, ఎంతో బాధపడుతున్నట్టు చెప్పాడు.

"ఏం చెప్పమంటారు సార్, మా మరదలికి చూపు మందగించింది. మనదేగదా అని ఇన్నాళ్ళూ కప్పిపుచ్చాను."

ఆ రోజే ఆమెను పంపేశారు. కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చినా ఎవరూ చదవలేదు. ఊళ్ళో ఏ మిల్లుకు వెళ్ళినా ఆమె కంటే ముందే ఆ మాట వెళ్ళి కూర్చునేది. కళ్ళతో బతికే మనిషిని గుడ్డిదన్నారు. వెలిసిన కర్టెన్లకూ దుప్పట్లకూ రంగు వేసే చిన్న కొట్టు పెట్టుకుంది గానీ, ఆ మాట గొంతులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

నాలుగేళ్ళయ్యాక బావే వెతుక్కుంటూ వచ్చాడు. మిల్లు మానేసి యూనిఫారాల కొట్టు పెట్టాడట. బ్యాండు వాళ్ళకు నూట ఇరవై జతలు కుట్టాలి. జాకెట్లు సిద్ధం. వాటికి కలిసే నీలం ప్యాంటు బట్టకు ఎవరూ తేలేకపోతున్నారు.

"నీ చెయ్యి పడాల్సిందేనమ్మా. పాతవన్నీ మనసులో పెట్టుకోకు," అన్నాడు నవ్వుతూ.

"నా మనసులో ఏముంటుంది బావా! నమూనా ఇచ్చి వెళ్ళండి," అంది ఆమె కూడా నవ్వుతూ.

ఆమెకు పని నేర్పిన ముసలి కెమిస్టు చెప్పేవాడు: రేడియోలో పాట మోసుకొచ్చేదీ, పొయ్యి దగ్గర చెంపకు వేడిగా తగిలేదీ, ఎముకలను ఫొటో తీసేదీ, అన్నీ ఒకే జాతి తరంగాలు. శూన్యంలో అన్నిటిదీ ఒకే వేగం. తేడా అంతా అలకూ అలకూ మధ్య దూరంలోనే. అంత పొడుగు వరసలో మన కంటికి దొరికేది ఒక్క సన్నటి చీలిక. దానికి ఒక చివర ఊదా, ఇంకో చివర ఎరుపు.

ఎండలో ఆ చీలికలోని అలలన్నీ ఉంటాయి. ట్యూబులైటు కొంత నీలం, కొంత ఆకుపచ్చ, కొంత ఎరుపు గట్టిగా ఇచ్చి, మధ్యలో చాలావాటిని ఎగ్గొడుతుంది. అయినా కంటికి తెల్లగానే ఉంటుంది. బట్ట రంగంటే దాని మీద పడ్డ అలల్లో అది తిప్పికొట్టేవే; పడని అలను ఏ బట్టా తిప్పికొట్టలేదు. అందుకే రెండు వేర్వేరు రంగు మిశ్రమాలు ట్యూబులైటు కింద కవలల్లా కనిపించి, ఎండలోకి రాగానే ఒకరికొకరు ఏమీ కానట్టు విడిపోవచ్చు. తెలిసినవాళ్ళు అలా జరగకుండా చూసుకుంటారు. ఆమె పదకొండు రోజులు కూర్చుని అలా జరిగేలా చూసుకుంది.

బావ కొట్టు నేలమాళిగలో ఉంది. దర్జీలు పనిచేసేదీ అక్కడే, ట్యూబులైట్ల కిందే. అతనికి రంగు కొనడమే తెలుసు, చూడడం తెలియదు. ఆమె రంగు వేసి ఇచ్చిన ముక్కను జాకెట్టు మీద పెట్టుకుని, "అచ్చుగుద్దినట్టుంది!" అన్నాడు.

బట్ట ఇచ్చిన పది రోజులకు అక్క వచ్చింది. ప్యాంట్లకు బొత్తాలు ఇంట్లో ఆవిడే కుడుతోంది. గుమ్మంలోనే నిలబడింది.

"కిటికీ దగ్గర చూశానే."

చెల్లెలు చేతిలోని కర్ర తొట్టిలోనే ఆగిపోయింది. "బావకి చెప్పావా?"

"లేదు. ఆ డబ్బాల మీద తేదీలు మా వంటింట్లోనే అంటించారు. నా కళ్ళతో చూశాను. అప్పుడు నోరు మూసుకున్నాను కదా, ఇప్పుడూ మూసుకుంటా." ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

కవాతు రోజు పొద్దున పదింటికి బ్యాండు కొత్త బట్టల్లో మైదానంలోకి దిగింది. ఎండ కాస్తోంది. నూట ఇరవై జాకెట్లు నీలంగా ఉన్నాయి. నూట ఇరవై ప్యాంట్లు వంగపండు రంగులో ఉన్నాయి. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత మైదానమంతా నవ్వింది. బూరా ఊదేవాడు కిందకు చూసుకుని వాయించడం మర్చిపోయాడు. జనం చివర నిలబడి ఆమె కళ్ళారా చూసింది.

మధ్యాహ్నం బావ చెమటలు కక్కుతూ ఆమె కొట్టుకు వచ్చాడు.

"కావాలనే చేశావు కదూ!"

"అవును."

"అందరికీ చెప్తాను. నీ బతుకు బజారుకీడుస్తాను."

"చెప్పు బావా. ఇంత తేడాని కావాలని కలిపానంటే నాకు కళ్ళున్నట్టే కదా. నువ్వే సాక్ష్యం."

మీరు కాస్తా నువ్వు కావడం అతను గమనించినట్టు లేదు. కూలబడ్డాడు. వారంలో సరైన బట్ట ఇవ్వకపోతే బ్యాండు వాళ్ళు ఇక గుమ్మం తొక్కనివ్వమన్నారట.

"ఆ బట్ట నా తొట్టిలో మళ్ళీ దింపను," అంది ఆమె. "వారంలో కావాలంటే మిల్లులోనే అవ్వాలి. అక్కడ నేను రంగు కలపాలంటే ఓనరు నన్ను లోపలికి రానివ్వాలి. నాకు చూపు లేదని ఆయనకి చెప్పింది నువ్వేగా. వచ్చి ఆ మాట వెనక్కి తీసుకో. గదిలో కాదు, పనివాళ్ళందరి ముందు."

మర్నాడు మిల్లు ఆవరణలో బావ నోరు విప్పాడు. మొదటిసారి గొణిగాడు. "వినపడలేదు," అంది ఆమె. డబ్బాలు, తేదీలు, వంటిల్లు, అన్నీ ఈసారి గట్టిగా చెప్పాడు. ఓనరు ఆమె ముఖంలోకి చూడలేక, "ల్యాబు తాళం ఇవ్వండి," అని మాత్రం అన్నాడు.

ఆమె రెండు రోజుల్లో ఎండలోనూ దీపం కిందా నిలిచే నీలం కలిపింది. బావ ఊపిరి పీల్చుకుని అడిగాడు.

"తృప్తేనా ఇక?"

"ఊళ్ళో ఇంకా మూడు మిల్లులున్నాయి. రేపు పొద్దున్నే బయల్దేరుదాం. రాకపోతే బట్ట కదలదు."

బయల్దేరారు. అక్క కూడా వచ్చింది. మూడో మిల్లులో అతను ఎవరూ అడగకముందే మొదలుపెట్టి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాడు. ఆమె జాలి వస్తుందేమోనని అతని ముఖం వైపు కాసేపు చూసింది. రాలేదు. బాగా ఆకలేసింది. అక్కను వెంటబెట్టుకుని భోజనానికి వెళ్ళిపోయింది.